గూడ్సు బండి పోయేంతసేపు

తిమ్మనచెర్ల రైల్వే క్వార్టర్సులో
మా ఇంటి ప్రార్థనకు
తొమ్మిదింబావు గూడ్సు అడ్డమొస్తుంది.

మా అత్త సువార్తమ్మ
ఆదాము కాలం నుంచి ఎత్తుకుంటుంది.
గుత్తిలో ఉండే తోడికోడలి మోకాళ్లు,
పాస్టరయ్య బిడ్డ రాసిన టెట్ పరీక్ష,
పక్కింటి మస్తానమ్మ ఈనని బర్రె,
అందరూ వరసగా వచ్చి దేవుని ముందు నిలబడతారు.
అంతలో కిటికీ చువ్వలు గుయ్యిమంటాయి.
గూట్లో గిన్నెలు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి.
అత్త మాటను సగంలో ఆపి
కండ్లు తెరవకుండానే చెయ్యెత్తుతుంది,
గార్డు జెండా ఎత్తినట్టు.
మా పాప నిరీక్షణ, కండ్లు మూసుకొనే
పెట్టెలు లెక్కపెడుతుంది.
యాభై ఎనిమిది.
గార్డు పెట్టెను కలపాలా వద్దా అని
ఆమేన్ తర్వాత అవ్వతో తగువు.

బండి పోయినాక
బర్రె దగ్గర్నుంచే మళ్లీ మొదలు.

మా ఆయన హనోకు, కీమ్యాను.
దేవునితో నడిచినవాని పేరు పెట్టినారు గానీ
ఈయన నడిచేది పట్టాలతో.
భుజాన సుత్తి, సంచిలో రెండు జెండాలు,
గుంతకల్లు ఎండలో పోను ఏడు కిలోమీటర్లు, రాను ఏడు.
వదులైన కీ కనబడితే ఒక దెబ్బ.
ఆ చప్పుడు వింటేనే తెలుస్తుందంట
ఇనుము మంచిగుందో లేదో.
ఇంట్లో మాత్రం మాట మీద మాట పడదు.
సంగటి ముద్ద పెట్టి "చాలునా?" అంటాను.
"చాలు" అంటాడు.
పెండ్లయి పదకొండేండ్లు.
ముప్పాతిక భాగం అంతే మా ముచ్చట.

నేను బయటికి ప్రార్థన చెయ్యను. నాకు రాదు.
లోపల్లోపల మాత్రం
స్టేషన్ రోడ్డు షాపులో చూసిన నీలం ఫ్రిజ్జును
మూడేండ్లుగా దేవునికి చూపిస్తా ఉన్నాను.
చీటీ పాడినప్పుడల్లా ఏదో ఒకటి.
ఒకసారి అత్త కంటిపొర,
ఒకసారి గుడి మీద ఎగిరిపోయిన రేకులు.
ఏప్రిల్లో పాలు విరిగిన పొద్దు
దేవునికీ నాకూ మాటలుండవు, మధ్యాహ్నం దాకా.

మొన్న తుఫాను వానకు
ఆదోని పక్క కట్ట కోసుకుపోయి
బండ్లన్నీ యాడివాడ నిలిచిపోయినాయి.
తొమ్మిదింబావు అయింది.
అలవాటు కొద్దీ అత్త ఆగింది. చెయ్యెత్తింది.
పాప వేళ్లు మడిచింది.
రావలసిన చప్పుడు రాలేదు.

అప్పుడు వినబడింది
పక్కనే, సన్నగా, ఒక గొంతు.
పదకొండేండ్లు గూడ్సు చక్రాల కింద దాక్కున్న గొంతు.
"...మార్త ఎప్పుడూ చాలలేదనదు సామీ.
నేను తెచ్చేది చాలుతుందో లేదో
అడగను నాకు చేతకాదు.
నువ్వే కొంచెం కనుక్కో..."

బండి లేదని ఆయనకు తెలిసేలోపల
మాట దాటిపోయింది.
చెవులు ఎర్రబడినాయి.
నేను చూసినాను.
మా ఇంట్లో ప్రార్థనలో కండ్లు తెరిచే పాపం
నాదొక్కదానిదే.

అత్త ఏమీ విననట్టు
"మస్తానమ్మ బర్రె, తండ్రీ" అనింది.

ఆ రాత్రి నాకు కన్ను మూతపడలేదు.
చప్పుడు లేకపోతే నిద్రపోలేము మేము.
పక్కన ఆయన కాళ్లు
నిద్రలో కూడా ఎక్కడికో నడుస్తా ఉండాయి.
మడమల పగుళ్లలో కంకర దుమ్ము,
ఎంత కడిగినా పోని దుమ్ము.
దేవుడు వచ్చి నన్ను అడుగుతాడేమోనని చూసినాను.
అడగలేదు.
ఆయనకు ముందే తెలుసేమో.
తెలియనిది ఈయనకే.

మరుసటి మాపటేలకు పట్టాలు బాగైనాయి.
తట్టలో సంగటి పెట్టి
మధ్యలో గుంట చేసి పప్పు పోసినాను.
రోజూ అడిగేది అడగలేదు.
"చాలు" అన్నాను, నేనే.
గొంతు ఎట్లో వచ్చిందో ఏమో
పాప తలెత్తి చూసింది.

ఆయన తట్టను ఇంకాస్త ముందుకు జరిపి
"యాడ చాలు మార్తా,
ఇంకో గరిటె పొయ్యి" అన్నాడు.